గుడికి మూడు నిమిషాల నడక, కింద మడిగెలు, పైన ఇల్లు: హన్మకొండలో మిక్స్‌డ్ జోన్ అంటే ఏం కట్టుకోవచ్చు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండ చౌరస్తా దగ్గర నాన్నగారి పేర 420 గజాల పాత పెంకుటిల్లు ఉంది. ముందు 42 అడుగులు, లోతు 90 అడుగులు, ఎదురుగా 30 అడుగుల రోడ్డు. దాన్ని విప్పేసి కింద నాలుగు మడిగెలు, మొదటి అంతస్తులో మీ చెల్లెలి క్లినిక్, ఆ పైన రెండంతస్తుల్లో మీరూ మీ అన్నగారూ ఉండాలని ఆలోచన. కొత్త మాస్టర్ ప్లాన్‌లో మీ జాగ మిక్స్‌డ్ జోన్‌లో, అంటే ఇళ్లూ వ్యాపారాలూ కలిసి ఉండొచ్చన్న చోట, పడిందని బ్రోకర్ చెప్పాడు, ఇక ఏదైనా కట్టుకోవచ్చు కదా అని అడిగారు.

కట్టుకోవచ్చు, కానీ మీరు రాసినట్టు కుదరదు. నేను ముప్పై ఏళ్లకు పైగా వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ప్లాన్లు గీస్తున్న లైసెన్స్‌డ్ ఇంజనీరును. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తున్నాను.

మడిగెలు బాగా నడుస్తాయని చెప్పడానికి మీరు ఒక మాట రాశారు: వేయిస్తంభాల గుడికి నడిచిపోతే మూడు నిమిషాలే అని. నేను ఆగింది అక్కడే. ప్రశ్న అంతటిలో ముఖ్యమైన మాట అదే. జోన్ సంగతి దాని తర్వాత.

1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది గర్భగుడి నుంచి కాదు, మంటపం నుంచీ కాదు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం అంచు నుంచి. చాలామంది ఫోన్‌లో మ్యాప్ తెరిచి గుడి బొమ్మ మీద వేలు పెట్టి కొలిచి, మాది 130 మీటర్లు వచ్చింది అంటారు. అదే అసలు హద్దు నుంచి కొలిస్తే 100 లోపల పడుతుంది. పైగా మీ మూడు నిమిషాలు సందులు తిరిగి నడిచే దూరం. చట్టం చూసేది సూటిగా గీసిన గీతనే, అది నడక కంటే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

మీ జాగ నిషిద్ధ ప్రాంతంలో పడితే కొత్త కట్టడం లేనట్టే. ఉన్న ఇంటికి అనుమతితో మరమ్మతులు చేసుకోవచ్చు, అంతవరకే. ఇల్లు విప్పేసి ఖాళీ జాగ చేసుకున్నాక ఈ సంగతి తెలిస్తే మరమ్మతు చేసుకోవడానికి ఇల్లే ఉండదు. అందుకే గట్టిగా చెబుతున్నాను, దూరం తేలేదాకా ఒక్క పెంకు కూడా దించవద్దు. నియంత్రిత ప్రాంతంలో పడితే భయం లేదు, కట్టుకోవచ్చు. అయితే జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఎంత ఎత్తు కట్టవచ్చో వాళ్లు అందులోనే చెబుతారు. మున్సిపాలిటీ 12 మీటర్లు ఇచ్చినా వాళ్లు తక్కువ ఇస్తే ఆ తక్కువే మీకు వర్తిస్తుంది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చట్టంలోనే రాసి ఉంది. ఖిల్లా వరంగల్‌లో కీర్తితోరణాలు, ఖుష్ మహల్ చుట్టూ ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. ఎన్నో తరాలుగా అక్కడే ఉంటున్న కుటుంబాలు కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవాలన్నా ఆలోచించాల్సి వస్తుంది. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఆ హద్దు లేకపోతే ఈ పాటికి గుడి ప్రహరీకి ఆనుకుని ఐదంతస్తులు లేచేవని కూడా తెలుసు.

ఇక జోన్. వరంగల్‌కు డెబ్భైల మొదట్లో వచ్చిన మాస్టర్ ప్లాన్‌తోనే ఐదు దశాబ్దాలు నడిచాం. 2041 వరకు వర్తించే కొత్త ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం వచ్చింది 2024 నవంబరులో. ఇన్నేళ్లలో ఊరు కాగితాన్ని దాటి ఎక్కడికో పోయింది. కాగితం మీద ఇళ్ల జోన్‌గా ఉన్న వీధుల్లో బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, స్కానింగ్ సెంటర్లు వచ్చాయి. కాకాజీ కాలనీకి కాలనీ అన్న పేరు మిగిలింది గానీ, అక్కడికి పోయేవాళ్లు ఆస్పత్రులకే పోతారు. మిక్స్‌డ్ జోన్ అన్నది ఇలా జరిగిపోయిన దాన్ని ఒప్పుకుని దానికొక పద్ధతి పెట్టే ప్రయత్నం. నాకు అది మంచి ఆలోచనే అనిపిస్తుంది.

అసలు మనకు ఇది కొత్తదేమీ కాదు. మట్టెవాడ, పిన్నవారి వీధి, పాత బీట్ బజారు వైపు పాత ఇళ్లు చూడండి. కింద కొట్టు, వెనక సరుకు గది, మిద్దె మీద కాపురం. షావుకారు మెట్లు దిగితే దుకాణం, ఎక్కితే ఇల్లు. అప్పట్లో అది ఇబ్బంది లేకుండా నడవడానికి కారణముంది. కొట్టు యజమానీ ఇంటి యజమానీ ఒక్కరే, కొనడానికి వచ్చేవాళ్లు నడిచి వచ్చేవాళ్లు. ఇవాళ కింద కిరాయిదారు వేరు, పైన ఉండేవాళ్లు వేరు, వచ్చే ప్రతి మనిషీ బండి మీద వస్తాడు. కాబట్టి ఇప్పటి నియమాలన్నీ తిరిగి తిరిగి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి: వచ్చినవాళ్ల బండి ఎక్కడ ఆగుతుంది? దీనికి మీ ప్లాన్‌లో జవాబుంటే మిగతావి సర్దుకుంటాయి. జవాబు లేకపోతే ఏ జోన్ అయినా మిమ్మల్ని కాపాడదు.

బ్రోకర్ ఫోన్‌లో చూపించిన రంగుల మ్యాప్‌ను నమ్ముకోకండి. ఆ బొమ్మలో గీత మందమే వీధంత ఉంటుంది. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దుల స్కెచ్ పెట్టి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో మిక్స్‌డ్ అని ఉంటేనే మిక్స్‌డ్. దాంతో పాటే మీ ముందున్న రోడ్డుకు మాస్టర్ ప్లాన్‌లో ఎంత వెడల్పు ప్రతిపాదించారో రాతపూర్వకంగా అడగండి. ఈ రెండో కాగితం అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు, దెబ్బ తగిలేది మాత్రం దానివల్లే. ఒకవేళ మీది నివాస జోన్ అని తేలితే, జోన్ మార్పు కోసం 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. పత్రికా ప్రకటన, అభ్యంతరాలు, ప్రభుత్వ ఉత్తర్వు, రుసుములు, ఇదంతా పెద్ద తతంగం. ఒక్క ఇంటి కోసం ఆ దారిలో పొమ్మని నేను చెప్పను. చెల్లెలు సొంతింట్లోనే ఒక గదిలో రోగులను చూసుకునేంత చిన్నగా ఆలోచన మార్చుకోవడం నయం.

రోడ్డు సంగతికి వద్దాం. మన రాష్ట్రంలో ఎఫ్‌ఎస్‌ఐ, అంటే జాగకు ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి, ఎప్పుడో పోయింది. ఇప్పుడు నడుస్తున్నవి 2012 ఏప్రిల్ 7న జీవో 168గా వచ్చిన బిల్డింగ్ రూల్స్, వాటికి తర్వాత వచ్చిన సవరణలు. వీటి ప్రకారం ఎంత కట్టవచ్చో తేల్చేవి మూడే: ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. ఏ పనికి కట్టవచ్చో చెప్పడంలోనూ రోడ్డు మాటే ముందుంటుంది. ఇంటికి సరిపోయే రోడ్డు ఆస్పత్రికి, బడికి, ఫంక్షన్ హాలుకు సరిపోదు. జోన్ అనుమతించినా రోడ్డు చాలకపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

మీ జాగకే లెక్క వేద్దాం. 420 గజాలంటే సుమారు 351 చదరపు మీటర్లు. మీ రోడ్డును 40 అడుగులు చేయాలని మాస్టర్ ప్లాన్‌లో ఉందనుకోండి. రోడ్డు మధ్య నుంచి రెండు వైపులా సమానంగా తీస్తే మీ వైపు 5 అడుగులు పోతుంది. 90 అడుగుల లోతు 85 అవుతుంది, చేతిలో మిగిలేది దాదాపు 397 గజాలు, అంటే 332 చదరపు మీటర్లు. 300 నుంచి 400 చదరపు మీటర్ల ప్లాటులో 12 మీటర్ల ఎత్తు కట్టాలంటే, 12 మీటర్ల లోపు రోడ్డుకు ముందు 3 మీటర్లు, మిగతా మూడు వైపులా 2 మీటర్ల చొప్పున వదలాలి. ముందు దాదాపు 10 అడుగులు, పక్కలకు ఆరున్నర చొప్పున 13 అడుగులు, వెనక ఆరున్నర. 42లో 13 పోతే 29. 85లో పదహారున్నర పోతే అరవై ఎనిమిదిన్నర. అంటే ఒక్కో అంతస్తుకు మీకు దక్కేది 29 అడుగుల వెడల్పు, అరవై ఎనిమిదిన్నర అడుగుల పొడవు, సుమారు 1,980 చదరపు అడుగులు. 420 గజాలంటే 3,780 చదరపు అడుగులు కదా, అందులో సగం పైచిలుకు మాత్రమే. ఈ లెక్క ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. అన్నదమ్ముల మధ్య పంపకాల మాట ఈ 1,980 మీద జరగాలి, 3,780 మీద కాదు.

రోడ్డుకు వదిలిన 5 అడుగులు ఊరికే పోయినట్టు కాదు. రిజిస్టర్ చేసి కార్పొరేషన్‌కు ఇస్తే బదులుగా టీడీఆర్ సర్టిఫికెట్, అంటే ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం, వస్తుంది, దాన్ని అమ్ముకోవచ్చు. లేదంటే సెట్‌బ్యాక్‌లో (చుట్టూ వదిలే ఖాళీలో) సడలింపు అడగవచ్చు. నోటిమాట మీద మాత్రం వదలకండి.

12 మీటర్లంటే మూడేసి మీటర్ల చొప్పున సరిగ్గా నాలుగంతస్తులు. మిగులు ఏమీ ఉండదు. మడిగెల కిరాయిదారులు లోపల అటక వేసుకుంటాం, 14 అడుగుల ఎత్తు ఇవ్వండి అని అడుగుతారు. ఇస్తే పై అంతస్తుల గదులు కుచించుకుపోతాయి, లేదా ఎత్తు పరిమితి దాటుతుంది. ముందే కుదరదని చెప్పేయండి.

ఇక నాలుగు మడిగెల మాట. 29 అడుగుల్లో నాలుగు పెడితే ఒక్కోటి ఏడడుగులు. పోనీ అని పెట్టినా, వెనక్కి బండి పోయే తొవ్వ ఏదీ? పక్కన వదిలిన ఆరున్నర అడుగుల్లో కారు పట్టదు, అక్కడ పార్కింగ్ చూపితే ప్లాన్ ఒప్పుకోరు కూడా. సెల్లార్ తవ్వుదామంటే మీ సైజు ప్లాటుకు రాదు, అది 750 చదరపు మీటర్లు దాటిన వాటికి. అంటే పార్కింగ్ కింది అంతస్తులోనే రావాలి. మడిగెలకూ కింది అంతస్తే కావాలి. మన ఊళ్లో ఈ సైజు ప్లాట్లన్నిటిలో జరిగే కొట్లాట ఇదే.

దీన్ని చాలామంది ఎలా తెంచుతారో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ప్లాన్‌లో కింద మొత్తం స్టిల్ట్ పార్కింగ్ (గోడలు లేకుండా స్తంభాల మధ్య బండ్లు నిలిపే చోటు) అని గీయిస్తారు. పర్మిషన్ వస్తుంది. స్లాబులు పడ్డాక ఒక ఆదివారం స్తంభాల మధ్య గోడలు లేస్తాయి, వారంలో షట్టర్లు దిగుతాయి. మా బంధువుల్లోనే ఒకాయన ఇట్లా చేశాడు. వద్దని చెప్పాను, వినలేదు. అయిదేళ్లు మూడు మడిగెల కిరాయి బాగానే వచ్చింది. తర్వాత కూతురి చదువుకు పై అంతస్తు మీద లోన్ కోసం బ్యాంకుకు పోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) అడిగారు. అది ఎట్లా వస్తుంది, ప్లాన్‌లో పార్కింగ్, నేల మీద షట్టర్లు. పర్మిషన్ అప్పుడు కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన పది శాతం భాగం కూడా విడిపించుకోలేదు. చివరికి మడిగెలు ఖాళీ చేయించి, అడ్వాన్సులు తిరిగిచ్చి, గోడలు తనే పగలగొట్టించాడు. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను. అంత కష్టపడి కూడబెట్టిన మనిషి సొంత గోడను కూలగొట్టించుకోవడం చూడడం నాకు చాలా బాధనిపించింది. ఈ జవాబు ఇంత పొడవుగా రాయడానికి అదీ ఒక కారణం.

నేను మీకు గీసేదైతే ఇట్లా గీస్తాను. రోడ్డు వైపు 29 అడుగుల్లో ఒక పక్కన 11 అడుగులు బండ్లు పోయే తొవ్వకు వదిలేస్తాను. మిగిలిన 18 అడుగుల్లో తొమ్మిదేసి అడుగుల చొప్పున రెండు మడిగెలు, ఒక్కోటి 25 అడుగుల లోతు. వాటి వెనక 43 అడుగుల పొడవున మొత్తం వెడల్పు పార్కింగ్. మెట్లు, లిఫ్టు పోగా నాలుగు కార్లు, పది పన్నెండు బండ్లు నిలుస్తాయి. నిబంధనల్లో పార్కింగ్‌ను మొత్తం కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని లెక్కిస్తారు, వ్యాపార భాగానికి ఆ శాతం ఇంటి భాగం కంటే ఎక్కువ. అంటే మడిగె పెంచిన కొద్దీ పార్కింగ్ పెరగాలి, పార్కింగ్ పెరిగితే మడిగె తగ్గాలి. ఎక్కడో ఒకచోట తూకం కుదురుతుంది, మీ జాగకు అది రెండు మడిగెల దగ్గర కుదురుతుందని నా అంచనా. నాలుగు ఇరుకు మడిగెల కంటే బండి నిలిపే చోటున్న రెండు మంచి మడిగెలకు కిరాయిదారులు నిలకడగా ఉంటారు. బతుకమ్మ బట్టల సీజన్‌లో చౌరస్తా వైపు ఒకసారి నడిచి రండి, బండి ఆపే జాగ లేక ఎంతమంది షాపు ముందు నుంచే వెళ్లిపోతారో తెలుస్తుంది.

ముందు వదిలిన పది అడుగులను కూడా షెడ్డు వేసి మడిగెలో కలుపుకోకూడదు. మెట్లు ఆ పది అడుగుల్లోనే దిగాలి, మోరీ మీదికి పోకూడదు. మోరీ మీద వేసిన బండలే వానాకాలం మన బజార్లను ముంచుతున్నాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఊరు ఎట్లా మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మీ ఇంటి పక్కనుంచి నాలా పోతుంటే దానికి 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు దాటిన చెరువుకైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు. మీరు రాసిన చోటుకు చెరువు దూరమే కాబట్టి ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

క్లినిక్ గురించి వేరుగా చెప్పాలి. మీ చెల్లెలు రోగులను చూసి, మందులు రాసి పంపేదైతే అది ఒక రకం. పడకలు వేసి సెలైన్ ఎక్కించి రాత్రి ఉంచుకుంటే అది ఇంకో రకం, రూల్స్ దాన్ని ఆస్పత్రిగా చూస్తాయి. అప్పుడు రోడ్డు వెడల్పు, పార్కింగ్, మెట్ల వెడల్పు, మంటల భద్రత అన్నీ మారతాయి. ప్లాన్‌లో ఏది రాయిస్తే తర్వాత అదే నడపాలి. "ఇప్పుడు క్లినిక్ అని పెడదాం, తర్వాత నాలుగు బెడ్లు వేసుకుందాం" అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే బయటికి చెప్పండి, మీ 30 అడుగుల రోడ్డు మీద అది కుదిరేది కాదు. ఓపీ క్లినిక్‌కైనా డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) దగ్గర రిజిస్ట్రేషన్, సూదులు దూది వంటి వ్యర్థాలు తీసుకెళ్లే ఏర్పాటు తప్పవు. చక్రాల కుర్చీ వచ్చేట్టు కింద ర్యాంపు, లిఫ్టు ప్లాన్‌లోనే చూపించండి. మొదటి అంతస్తుకు ముసలివాళ్లు మెట్లెక్కి రావాలంటే క్లినిక్ నడవదు కూడా.

మీ ప్లాన్‌లో ఇంకొక లోపం కనిపించింది. స్కెచ్‌లో ఒక్కటే మెట్ల దారి ఉంది. క్లినిక్‌కు వచ్చే రోగులు, మడిగెల పనివాళ్లు, మీ ఇంటి ఆడవాళ్లు, పిల్లలు అందరూ అదే మెట్లు వాడాలి. మా దగ్గరికి వచ్చే మిక్స్‌డ్ ఇళ్ల తగాదాల్లో సగం దీనివల్లే. రాత్రి తొమ్మిది దాకా ఎవరెవరో ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉంటారు. రెండేళ్లకు పై అంతస్తులో ఉండబుద్ధి కాదు, దాన్నీ ఆఫీసుకు కిరాయికి ఇచ్చి కుటుంబం ఊరి బయట కాలనీకి పోతుంది. అట్లా ఒక్కొక్కరూ పోతే రాత్రయ్యాక బజారులో మనిషి అలికిడి ఉండదు, మిక్స్‌డ్ అన్న మాటకు అర్థం పోతుంది. స్తంభాల గ్రిడ్ గీయకముందే ఇంటి మెట్లు వెనక పార్కింగ్ వైపు నుంచి, క్లినిక్ మెట్లు ముందు వైపు నుంచి పెట్టించండి. కొంత జాగ పోతుంది, పోనీయండి.

కిరాయిదారు ఎవరన్నది కూడా ప్లాన్‌లో భాగమే అనుకోండి. టిఫిన్ సెంటర్ పెడితే సిలిండర్లు, పొగ గొట్టం, నూనె నీళ్లు వస్తాయి. పైన రోగులు, ఆపైన చిన్నపిల్లలు ఉన్న ఇంటికి అది తగదు. మెడికల్ షాపు, కళ్లద్దాల షాపు, స్టేషనరీ వంటివి క్లినిక్‌తో కలిసి బాగా నడుస్తాయి. మడిగెలకు, క్లినిక్‌కు కరెంటు మీటర్లు కేటగిరీ 2 కింద, ఇళ్లకు కేటగిరీ 1 కింద వేరువేరుగా తీసుకోండి. ఆస్తి పన్నులో కూడా నివాసం ఎంత, వ్యాపారం ఎంత అని విడదీసి రాయించండి. ట్రేడ్ లైసెన్స్ కిరాయిదారు తీసుకోవాలి, దాని ఫీజు దుకాణం అడుగులను, ముందున్న రోడ్డును బట్టి ఉంటుంది. కిరాయి అగ్రిమెంటులో ఫలానా వ్యాపారమే, పార్కింగ్‌లో సరుకు పెట్టరాదు అని రాసుకోండి.

అనుమతి విషయం. భవన అనుమతుల కోసం 2020లో బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు ఇళ్లకు రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. మీ ప్లాటు 500 లోపే కదా అని ఎవరైనా ఆ దారి చూపిస్తే వినకండి. అది ఇళ్లకు. మీరు కట్టేదానిలో మడిగెలు, క్లినిక్ ఉన్నాయి, ఎత్తు 10 దాటుతోంది. మీది 21 రోజుల సింగిల్ విండో దారి. మొత్తం ఇల్లే అని రాసి వెంటనే అనుమతి తెచ్చుకుని తర్వాత షట్టర్లు పెడితే, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. తర్వాత క్రమబద్ధీకరణ వస్తుంది, డబ్బు కట్టి సరిచేసుకోవచ్చు అన్న ధీమా కూడా వద్దు. 2015 నాటి బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ) పథకం ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే, దాని మీద కూడా హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. ఎత్తు 15 మీటర్లకు చేరిన వ్యాపార భవనానికి ఫైర్ ఎన్‌వోసీ కావాలి. మీకు ఆ బాధ లేదు. అయినా మంటలార్పే సిలిండర్లు, రెండో మెట్ల దారి మీ కోసమే పెట్టుకోండి.

ఒక సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పి తీరాలి. మీరట్‌లో ఇంటి కోసం కేటాయించిన ప్లాటులో దుకాణాలు కట్టారు, దశాబ్దాలు వ్యాపారం చేశారు. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు వాటిని కూల్చాల్సిందే అంది. ఎన్నేళ్లు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా, అధికారులు ఊరుకున్నా అది హక్కు కాదని చెప్పింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్ ఇవ్వాలని, అక్రమ కట్టడంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. "హన్మకొండలో అందరూ చేస్తున్నదే" అన్న మాట ఇక కోర్టులో నిలవదు.

ఇప్పుడు చేయాల్సిన పని వరుస. ముందుగా గుడి హద్దు నుంచి మీ ఇంటి దగ్గరి మూల దాకా ఎంత దూరమో సర్వేయర్‌తో కొలిపించండి, స్కెచ్ మీద సంతకం పెట్టించుకోండి. 100 దాటి 300 మీటర్ల లోపు వస్తే ఎన్‌వోసీ దరఖాస్తు పెట్టి అది చేతికి వచ్చేదాకా ఆగండి. ఆలోగా కుడా నుంచి ల్యాండ్ యూజ్, రోడ్డు వెడల్పు కాగితాలు రెండూ తెచ్చుకోండి. అవి వచ్చాకే ప్లాన్ గీయించండి, అనుమతి వచ్చాకే ఇల్లు విప్పండి. మీరు పంపిన స్కెచ్‌లో రోడ్డు 30 అడుగులు అని రాశారు గానీ, అది మోరీ నుంచి మోరీకా, గోడ నుంచి గోడకా అన్నది లేదు. ఆదివారం పొద్దున బండ్లు లేని టైమ్‌లో టేపు పట్టి ఎదురింటి ప్రహరీ నుంచి మీ ప్రహరీ దాకా మూడు చోట్ల కొలిచి, ఆ మూడు అంకెలూ, సర్వేయర్ ఇచ్చిన దూరమూ ఇక్కడే రాయండి. అవి చూసి మడిగెలు, మెట్లు ఎక్కడ వస్తాయో చెబుతాను.